ఆర్‌వీ ప్రయాణంలో రాత్రి మజిలీ: ఆగే చోటు ముందు, చూసే చోటు తర్వాత

జూలైలో డెన్వర్‌లో ఆర్‌వీ (పడకలు, వంటిల్లు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న బండి) అద్దెకు తీసుకుని పది రోజుల్లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చూసి రావాలనుకుంటున్నామని రాశారు. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వస్తున్న అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురు. ‘ఇల్లు వెంటే ఉంటుంది కదా, అలసట వచ్చిన చోట పక్కకు ఆపి నిద్రపోతే చాలదా? ప్రతి రాత్రికీ ఆర్‌వీ పార్కు బుక్ చేసుకోవాల్సిందేనా?’ అన్నది మీ ప్రశ్న.

చాలదు. అలాగని అన్ని రాత్రులకూ ఖరీదైన పార్కులే అక్కర్లేదు. కానీ ఏ రాత్రి ఎక్కడ ఆగుతారో ఆ రోజు ఉదయం బండి తీసేలోపే తెలిసి ఉండాలి. పద్నాలుగేళ్లుగా ఏటా కనీసం రెండుసార్లు ఈ బళ్లలో తిరుగుతున్నాను. అందులో మూడుసార్లు మా అమ్మానాన్నలు వెంట ఉన్నారు. మా ప్రయాణాల్లో పాడైన రోజులను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటే, దాదాపు ప్రతిదానికీ మూలం దాని ముందు రాత్రే.

మా మొదటి ప్రయాణంలో దారిలో కనిపించిన చోటల్లా ఆగుతూ, బస చేయాల్సిన చోటికి రాత్రి పదకొండు దాటాక చేరాం. ఆఫీసు మూసేశారు. మాకు మిగిలింది వెనక్కి నడుపుతూ పెట్టాల్సిన సైటు (ఒక బండి ఆపుకునే జాగా). నా భార్య టార్చిలైటు పట్టుకుని వెనక నిలబడింది. ఆ వెలుగు నేల మీద పడుతోంది కానీ, పైన వంగి ఉన్న కొమ్మ ఇద్దరికీ కనిపించలేదు. అది కప్పు మీద గీసుకుపోయింది. అద్దె కంపెనీకి కట్టిన మరమ్మతు డబ్బు సంగతి మరచిపోయాను. బండి వాలుగా నిలబడినందువల్ల మా నాన్న రాత్రంతా పక్క మీద కిందికి జారుతూ, మమ్మల్ని లేపడానికి మొహమాటపడి, తెల్లవారేదాకా కూర్చునే ఉన్నారు. అది మాత్రం ఇప్పటికీ మరచిపోలేను. అప్పటినుంచి సాయంత్రం నాలుగు దాటాక బండి రోడ్డు మీద ఉండకూడదన్నది మా ఇంట్లో నియమం.

ఈ రంగంలో అనుభవం ఉన్నవారు తరచూ చెప్పే లెక్క ఒకటుంది: రోజుకు 300 మైళ్లకు మించకుండా నడపాలి, మధ్యాహ్నం మూడింటికల్లా చేరాలి, ఒక్కో చోట మూడు రాత్రులు ఉండాలి. మూడు రాత్రులన్నది పది రోజుల ప్రయాణంలో ప్రతిచోటా కుదరదు. మిగతా రెండూ మాత్రం పాటించండి. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు నేను వీలైనంతవరకు 300ను 200కు తగ్గిస్తాను. ఫోను మ్యాపు చెప్పే సమయం కార్లది, దానికి కనీసం పాతిక శాతం కలుపుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న, ‘ఎక్కడ పడితే అక్కడ’ ఆపడం గురించి. ఎల్లోస్టోన్ లోపల అది కుదరనే కుదరదు. నిర్ణీత క్యాంపుగ్రౌండు కాక మరెక్కడా, రోడ్డు పక్క ఖాళీ జాగాలో గానీ పార్కింగు స్థలంలో గానీ, రాత్రి బండిలో పడుకోవడం నిషేధం. బయట హైవేల పక్కనుండే రెస్ట్ ఏరియాల నియమం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో 24 గంటల దాకా ఉండనిస్తారు, ఒరెగాన్‌లో 12 గంటలు, కాలిఫోర్నియాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో 8 గంటలు. అందుకే పక్క రాష్ట్రంలో ఆగిన అనుభవం ఈ రాష్ట్రంలో పనికిరాదు, అక్కడి బోర్డు చదవాల్సిందే. వాల్‌మార్ట్ పార్కింగులో ఆగవచ్చని అందరూ చెబుతారు. అది ఆ స్టోరు మేనేజరు అనుమతి, ఆ ఊరి చట్టం రెండింటి మీదా ఆధారపడి ఉంటుంది. ముందుగా ఫోను చేసి అడగండి. ఒప్పుకుంటే అంచున ఆపి, కుర్చీలు బయట వేయకుండా, బయట పొయ్యి వెలిగించకుండా, తెల్లవారగానే కదలండి. వాళ్లు ఇచ్చేది ఒక రాత్రి నిద్ర, క్యాంపు కాదు.

ట్రక్ స్టాపుల విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను. అక్కడ పొడవాటి గీతల మధ్య ఉన్న జాగాలు లారీలవి. సరకు లారీ డ్రైవరు రోజులో 11 గంటలకు మించి నడపకూడదని, మళ్లీ స్టీరింగు పట్టేముందు వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకోవాలని చట్టం. అతని గంటలు అయిపోయే సమయానికి మీ ఇల్లు ఆ జాగాలో ఉంటే అతను పోవడానికి చోటుండదు. పెద్ద ట్రక్ స్టాపులు కొన్నిచోట్ల ఆర్‌వీల కోసం వేరే సైట్లు పెట్టాయి. డబ్బు కట్టి వాటిలోనే ఆగండి.

ప్రభుత్వ భూముల్లో ఉచితంగా ఉండే మార్గం కూడా ఉంది. బీఎల్ఎం అనే భూ నిర్వహణ సంస్థ భూముల్లో సాధారణంగా 28 రోజుల్లో 14 రోజుల దాకా ఒకచోట ఉండనిస్తారు. నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు. నాకు అత్యంత ఇష్టమైన రాత్రులు అక్కడివే, ఆకాశం నిండా చుక్కలు, మైళ్ల దూరం వరకు దీపం ఉండదు. కానీ మీకు ఇప్పుడు వద్దంటాను. మట్టి దారులను చాలా అద్దె ఒప్పందాలు ఒప్పుకోవు. పైగా మొదటిసారి బండి నడుపుతూ, డెబ్బై ఏళ్ల వాళ్లను వెంటబెట్టుకుని, ఫోను అందని చోటికి వెళ్లడం సరికాదు.

మిగిలినవి ఆర్‌వీ పార్కులు, క్యాంపుగ్రౌండ్లు. ప్రైవేటు పార్కుల్లో అందరికీ తెలిసిన పేరు కేవోఏ. 1962లో సియాటిల్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు, అక్కడికి వెళ్లే కుటుంబాలు మోంటానాలోని బిల్లింగ్స్ దగ్గర ఆగే చోటు కోసం వెతుక్కుంటుంటే, ఎల్లోస్టోన్ నది ఒడ్డున మొదలైంది ఆ సంస్థ. మీరు వెళుతున్న ప్రాంతమే అది. ఇలాంటి పార్కుల్లో ‘ఫుల్ హుకప్’ అంటే కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ సైటు దగ్గరే ఉంటాయి. బుక్ చేసేటప్పుడు ‘పుల్-త్రూ’ సైటు అడగండి. ముందు నుంచి లోపలికి వెళ్లి, పొద్దున అలాగే ముందుకు బయటికి రావచ్చు. అద్దె కొంచెం ఎక్కువైనా మొదటి మూడు రాత్రులకు అదే తీసుకోండి. మీ బండి పొడవు సరిగ్గా చెప్పండి, వెనకనున్న నిచ్చెనా బంపరూ కలిపి.

ప్రతి రాత్రికీ ఫుల్ హుకప్ కావాలా? ఆరుగురు ఉన్న బండిలో ప్రతి మూడో రాత్రికైనా కావాలి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే అద్దెకిచ్చే వాళ్ల పావుగంట పాఠంలో ఇది రాదు.

మీరు తీసుకునే తరహా బండిలో మంచినీళ్ల ట్యాంకు సాధారణంగా 30, 40 గ్యాలన్లు. వేడినీళ్ల ట్యాంకు చాలా బళ్లలో 6 గ్యాలన్లే. ఇంట్లో మాదిరిగా షవర్ వదిలితే ఒకరి స్నానానికే వేడినీళ్లు చల్లబడతాయి, అందరూ చేస్తే ట్యాంకు ఖాళీ. తడుపుకుని, ఆపి, సబ్బు రాసుకుని, మళ్లీ విప్పాలి. మా అమ్మకు చిన్న బకెట్టు, మగ్గు ఇచ్చాం. ఆమెకు అలవాటైన పద్ధతి అదే, నీళ్లు కూడా అందరికన్నా తక్కువ వాడింది. వాడిన నీళ్లన్నీ గ్రే ట్యాంకులోకి పోతాయి, మన వంటతో ముందు నిండేది అదే. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు అన్నీ అందులోకే. నూనె, పప్పు అడుగు, అన్నం మెతుకులు సింకులోకి పోనివ్వకండి. కంచాలను ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగండి. లేకపోతే నాలుగో రోజుకు సింకులోంచి వచ్చే వాసన బండంతా నిండుతుంది.

మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు. మనవాళ్లు నీళ్లు వాడతారు కాబట్టి అది తొందరగా నిండుతుంది. అందులో చెడ్డేమీ లేదు, నీళ్లు ఎక్కువ పడితేనే ఆ ట్యాంకు శుభ్రంగా ఖాళీ అవుతుంది. కానీ రోజుల లెక్క మాత్రం తగ్గించుకోవాలి. ఫుల్ హుకప్ ఉన్నప్పుడు చాలామంది చేసే తప్పు, మురుగు గొట్టం తగిలించి బ్లాక్ ట్యాంకు వాల్వు తెరిచి వదిలేయడం. నీళ్లు జారిపోయి ఘనపదార్థం అడుగున గట్టిపడుతుంది. వాల్వు మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలాలి. ముందు బ్లాక్, అది అయ్యాక గ్రే. సబ్బునీళ్లు వెనక వస్తే గొట్టం కడుక్కుపోతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. డంప్ స్టేషన్‌లో, అంటే ట్యాంకుల మురుగు వదిలే చోట, గొట్టం కడిగే కుళాయికి మీ మంచినీళ్ల పైపు ఎప్పుడూ తగిలించకండి. తాగే నీళ్ల కుళాయి వేరుగా, రాసి ఉంటుంది.

కరెంటు సంగతి. మీ బండికి బహుశా 30 ఆంపియర్ల ప్లగ్గు ఉంటుంది. అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, రైస్ కుక్కర్ కలిపి పెడితే బ్రేకరు పడిపోయి కరెంటు పోవడం ఖాయం. వంట వేళ ఏసీ ఆపండి. సైటు దగ్గరుండే కరెంటు స్తంభం మీది బ్రేకరు ఆపి, ప్లగ్గు పెట్టి, తర్వాతే బ్రేకరు వేయండి. తీసేటప్పుడూ అంతే. నీళ్ల పైపుకు ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టడం మరవకండి, కొన్ని పార్కుల్లో నీటి ఒత్తిడి బండి లోపలి గొట్టాలు తట్టుకోలేనంత ఉంటుంది.

హుకప్ లేని రాత్రి ఇవేమీ ఉండవు. గోడల్లోని మామూలు ప్లగ్గులు చాలా బళ్లలో పనిచేయవు. దీపాలు, నీటి పంపు బ్యాటరీ మీద, ఫ్రిజ్ చాలా బళ్లలో వంట గ్యాసు మీద నడుస్తాయి. హీటరు గ్యాసుతో వెలిగినా దాని ఫ్యాను బ్యాటరీదే. ఎల్లోస్టోన్‌లో జూలై రాత్రి కూడా గడ్డకట్టే చలికి దగ్గరగా వస్తుంది. సాయంత్రమంతా దీపాలు, ఫోను ఛార్జింగులు వాడి, రాత్రంతా హీటరు వేస్తే మూడు గంటల వేళ బ్యాటరీ అయిపోయి హీటరు ఆగిపోతుంది. రాత్రి పూట జనరేటరు వేయనివ్వరు. కాబట్టి హీటరును తక్కువలో పెట్టి, మంచి దుప్పట్లు తీసుకెళ్లండి. అమ్మగారు గానీ నాన్నగారు గానీ నిద్రలో శ్వాసకోసం యంత్రం వాడితే, హుకప్ లేని సైటు అసలు తీసుకోకండి.

జనరేటరు గురించి ఇంకొకటి. అది బండి పెట్రోలు ట్యాంకునుంచే తాగుతుంది, ట్యాంకు పావు వంతుకు తగ్గితే దానంతటదే ఆగేలా అమర్చి ఉంటుంది. సగం కాగానే నింపించుకునే అలవాటు చేసుకోండి. మీ దారిలో ఎక్కువ భాగం ఉండే వయోమింగ్ రాష్ట్రంలో బంకుల మధ్య దూరాలు పెద్దవి, ఈ బళ్లు గ్యాలనుకు ఎనిమిది నుంచి పది మైళ్లే ఇస్తాయి.

ఇప్పుడు మీ దారి. మీ స్థానంలో నేనుంటే ఇలా ఆగుతాను. బండి అప్పగింత, సరుకులు సర్దడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది, కాబట్టి మొదటి రాత్రి వంద మైళ్ల దూరంలోని చెయెన్ చాలు. ఆ రాత్రి ఫుల్ హుకప్ తీసుకుని, అన్ని పరికరాలూ ఒక్కసారి వాడి చూడండి. ఏదైనా పనిచేయకపోతే వెనక్కి తిరగడానికి ఇంకా అవకాశం ఉంటుంది. రెండో రాత్రి కాస్పర్. మూడో రోజు విండ్ రివర్ లోయ గుండా థెర్మోపొలిస్ మీదుగా కోడీకి, సుమారు 215 మైళ్లు. థెర్మోపొలిస్‌లో వేడినీటి బుగ్గల రాష్ట్ర పార్కులో ఉచిత స్నానశాల ఉంది, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ప్రయాణంలో నడుము పట్టేసిన పెద్దవాళ్లకు అంతకన్నా మంచి ఆగుబాటు ఆ దారిలో మరొకటి లేదు. మా అమ్మ ఆ నీళ్ల ఆవిరిని రెండు చేతులా ముఖానికి రాసుకున్న తీరు నాకింకా కళ్లలో ఉంది.

కోడీ నుంచి తూర్పు ద్వారం యాభై మైళ్ల పైచిలుకు. తర్వాత మూడు రాత్రులు పార్కు లోపల. ఎల్లోస్టోన్‌లో హుకప్‌లు ఉన్నది ఒక్క ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులోనే. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి అక్కడ గుడారాలకు అనుమతి లేదు, గట్టి గోడలున్న బళ్లే ఆగాలి. చాలా నెలల ముందే నిండిపోతుంది, కానీ రద్దయిన సైట్లు మళ్లీ కనిపిస్తూ ఉంటాయి. రోజూ ఉదయం ఒకసారి చూడండి, మా రెండు ప్రయాణాలకూ అలాగే దొరికింది. దొరకకపోతే మ్యాడిసన్, గ్రాంట్ విలేజ్ వంటి హుకప్ లేని క్యాంపుగ్రౌండ్లలో రెండు రాత్రులు, లేదా పార్కు గుమ్మంలోనే ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లోని ప్రైవేటు పార్కు. ఏదీ ఖాయం కాకుండా మాత్రం జూలైలో లోపలికి వెళ్లకండి. సాయంత్రం ఆరింటికి చోటు కోసం వెతుక్కుంటూ అక్కడ తిరగడం నరకం.

ఎలుగుల విషయంలో నియమం కఠినం. భోజనం అవగానే బల్ల మీద ఆవగింజంత ఆహారం ఉండకూడదు. పచ్చడి సీసా, నూనె, పొయ్యి, చెత్త, పిల్లల బిస్కెట్ ప్యాకెట్టు, అన్నీ బండి లోపల. గిన్నెలు కడిగిన నీళ్లు నేల మీద పారబోయకండి. మనిషి తిండికి అలవాటు పడిన ఎలుగును చివరికి చంపాల్సి వస్తుంది. మన అజాగ్రత్తకు దాని ప్రాణం పోతుంది, పిల్లలకు ఈ మాట అర్థమయ్యేలా చెప్పండి, వాళ్లే అందరికన్నా బాగా కాపలా కాస్తారు.

లోపల పోపు పెట్టే ముందు కప్పు మీది ఫ్యాను వేసి కిటికీ తెరవండి, లేకపోతే ఎండుమిర్చి పొగకు అలారం మోగుతుంది. నేలకు దగ్గరగా ఉండే అలారం వేరు, అది గ్యాసు కోసం. గ్యాసు గాలికన్నా బరువైనది కాబట్టి కిందే చేరుతుంది. అది మోగితే ఏ స్విచ్చూ ముట్టకుండా అందరూ దిగిపోవాలి. పెట్రోలు పోయించేటప్పుడు గ్యాసు వాల్వు మూసి ఉండాలి.

పెద్దవాళ్లకు వెనక మంచం ఇవ్వండి, డ్రైవరు తల పైన ఉండే పడక పిల్లలది. బండి నడుస్తున్నప్పుడు మాత్రం ఎవరూ మంచం మీద పడుకోకూడదు, ఆరుగురికీ ఆరు బెల్టులు ఉన్నాయో లేదో బండి తీసుకునే ముందే లెక్కపెట్టండి. ఆగగానే మొదటి పని చక్రాల కింద దిమ్మెలు పెట్టి బండిని సమం చేయడం. అరవై రెండేళ్లు దాటినవారికి ఉండే జాతీయ పార్కుల సీనియర్ పాసు కొని సగం ధరకు క్యాంపు చేయవచ్చని మీకెవరైనా చెబితే నమ్మకండి, అది అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. పర్యాటక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు.

ఏడో రాత్రి దక్షిణంగా దిగి గ్రాండ్ టీటన్ జాతీయ పార్కులోని కోల్టర్ బే. అక్కడి ఆర్‌వీ పార్కులో ఫుల్ హుకప్ ఉంటుంది, మూడు రాత్రుల మురికి వదిలించుకోవచ్చు. ఎనిమిదో రోజు టోగొటీ కనుమ దాటి లాండర్. ఆ కనుమ ఎత్తు 9,658 అడుగులు, దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచకుండా గేరు తగ్గించి దిగండి. మర్నాడు రాలిన్స్ నుంచి లారమీ దాకా 80వ నంబరు హైవే మీద గాలి భయంకరంగా వీస్తుంది. ఎత్తుగా, తేలికగా ఉండే బళ్లను కొన్ని రోజులు ఆ రోడ్డు మీదికి రానివ్వరు. బయలుదేరే ముందు వయోమింగ్ రోడ్ల శాఖ సమాచారం చూసి, గాలి హెచ్చరిక ఉంటే ఉదయాన్నే దాటేయండి, లేదా లాండర్‌లోనే ఇంకో రాత్రి ఉండిపోండి. ఆ ఒక్క రోజు కోసమే పది రోజుల్లో ఎక్కడో ఒకచోట వెసులుబాటు ఉంచుకోమంటాను.

చివరి రాత్రి డెన్వర్‌కు గంటన్నర లోపు ఉండే ఫోర్ట్ కాలిన్స్ దగ్గర ఫుల్ హుకప్ సైటు తీసుకోండి. పొద్దున్నే రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, నేల ఊడ్చి, బండి అప్పగించే చోటికి పది మైళ్ల లోపు పెట్రోలు నింపించండి. ట్యాంకులు నిండుగా తెచ్చిస్తే వేసే రుసుము ఆ రాత్రి సైటు అద్దెకన్నా ఎక్కువే ఉండవచ్చు, ఒప్పందంలో ఆ పేజీ ముందే చదవండి. తీసుకునే బండి సరైన పొడవు, ఎత్తు తెలిశాక ఇక్కడే రాయండి. ఏ పార్కులో ఏ వరుస సైట్లు ఆ పొడవుకు సరిపోతాయో నాకు తెలిసినంత మేరకు చెబుతాను.